అవ్వా, నేనెవురు?

మా అవ్వను చూసి నేను భయపడిన రోజొకటి నా చిన్నప్పుడు ఉంది. చీకటికి, పాములకు, బడిలో మేష్టరు బెత్తానికి భయపడేదాన్నే. కానీ ఏ భయం పుట్టినా పరుగెత్తుకుంటూ వెళ్ళి దూరేది అవ్వ కొంగులోకే. ఆ కొంగు దగ్గరే భయం పుడితే ఎక్కడికి పరుగెత్తాలో తెలియని వయసు నాది.

మాది కన్నడ సీమలో సోమేనహళ్ళి దగ్గర తెలుగు మాట్లాడే చిన్న ఊరు. నాయన బోరు నీళ్ళ మీద ద్రాక్షతోట పెట్టాడు. మిగిలిన చేన్లలో రాగి, సెనక్కాయలు పండేవి. ఇంట్లో నాయన, అమ్మ, నాయన తల్లి అయిన అవ్వ, నేను. నాయన చెల్లెలు, మా చిన్నత్త, చిక్కబళ్ళాపురంలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివేది. ఆ ఎండాకాలం పరీక్షలకు చదువుకోవడానికి ఇంటికి వచ్చింది.

అత్తకు మిగతా పాఠాలన్నీ బాగానే వచ్చు. ఒక్కటి మాత్రం లొంగేది కాదు. మన ఒంట్లో ఉండే లవణాల పాఠం అది. సోడియం తగ్గితే ఏమవుతుంది, పొటాషియం పెరిగితే ఏమవుతుంది, కాల్షియం తగ్గితే వేళ్ళు ఎలా కొంకర్లు పోతాయి అని మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేసేది. సగం దూరం పోయాక ఒకదాని లక్షణాలు ఇంకొకదానికి అంటగట్టి, నాలుక కరుచుకుని మళ్ళీ మొదటికి వచ్చేది. క్లాసులో పెట్టిన పరీక్షలో ఆ పాఠంలోనే తప్పిందట. ఈసారీ తప్పితే ఏడాది పోతుందని నా దగ్గర ఒకసారి ఏడ్చింది కూడా. "అన్నీ ఒగే మాదిరి కనిపిస్తాయి మే. వాంతులు, నీరసం, తిక్క. ఏది దేనికో తలకాయలో నిలబడదు" అనేది.

అవ్వకు రక్తపోటు, కాళ్ళ వాపు. డాక్టరు ఒంట్లోని నీరు తీసే మాత్ర ఒకటి ఇచ్చి, ఉప్పు తగ్గించమన్నాడు. మా అవ్వ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. తగ్గించమంటే పూర్తిగా మానేసింది. సంగటిలోకి చప్పటి చారు, చప్పటి పప్పు. దానికి తోడు చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ, చెంబులు చెంబులు నీళ్ళు తాగితే రక్తంలోని చెడంతా కడుక్కుపోతుందని చెప్పి వెళ్ళింది. అప్పటినుంచి అవ్వ పక్కన ఎప్పుడూ చెంబు ఉండేది. ఇంత ఎండలో నీళ్ళు తాగితే మంచిదే కదా అని మేమూ అనుకున్నాం. కొన్నాళ్ళకు ఆమెకు తిండి సయించలేదు. తల నొస్తోందనేది. ఒకటి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అనుకుని మేమే ఇంకో చెంబు నీళ్ళు అందించాం.

ఆ ఉదయం వసారాలో అవ్వ పక్కన కూర్చుని సెనక్కాయలు ఒలుస్తున్నాను. ఒలిచిన గింజల్లో సగం చాటలోకి, సగం నా నోట్లోకి పోతున్నాయి. మామూలుగా అయితే అవ్వ నా చేతి మీద చిన్న దెబ్బ వేసేది. ఆ రోజు వేయలేదు. నా చేతివైపు చూసింది, తర్వాత నా మొహంవైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

"ఎవురి పాపవు నువ్వు?" అంది.

ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. అవ్వ నవ్వలేదు. "మీయమ్మ యాడుండాది? మా ఇంట్లో నీకేం పని?" అంది. గొంతు అవ్వదే. మాటలే పరాయివి. నా పేరు చెప్పాను. ఆ పేరు ఎన్నడూ విననట్టు చూసింది. ఎప్పుడో అమ్మేసిన పాడి ఎనుములకు నీళ్ళు పెట్టాలంటూ లేచి, వాకిలివైపు కాక గోడవైపు నడిచి, దారి వెతుకుతున్నట్టు రెండు చేతులతో గోడను తడుముతూ నిలబడింది. నేను చాట తన్నుకుంటూ మిద్దె మెట్లు ఎక్కేశాను. అత్తతో ఏం చెప్పానో గుర్తు లేదు. "అవ్వ లేదు, అవ్వ లేదు" అన్నానని అత్త తర్వాత చెప్పింది.

నాయనా అమ్మా తోటనుంచి వచ్చేసరికి ఇంట్లో జనం. ఎదురింటి పెద్దమ్మ మంచి మనిషి, అవ్వకు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "గాలి సోకిండాది నాయనా. మురుగమల్లకి పిల్చకపో. దర్గాలో కూర్చోబెడితే పొద్దు గూకేలోగా దిగిపోతాది" అంది. ఎంతమందికో అక్కడ నయమైందని ఊరందరి నమ్మకం. నాయన తల ఊపాడు. అత్త మాత్రం అవ్వ మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. మిద్దె మీద వల్లె వేసినవే లోలోపల వెతుక్కుంటోందని నాకు తెలిసింది.

"వదినా, అమ్మ ఉప్పు ఎప్పట్నుంచి మానేసె?" అని అడిగింది. అమ్మ చెప్పింది. చెంబు సంగతీ చెప్పింది. అత్త ముఖం పాలిపోయింది. "అన్నా, ఆస్పత్రికి పోదాము. ఒంట్లో ఉప్పు, అదే సోడియం, పడిపోయిందేమో అనిపిస్తాండాది" అంది.

"అనిపిస్తాండాదా, తెలుసా?" అన్నాడు నాయన.

అత్త ఆ పాఠంలో తప్పిన సంగతి నాయనకూ తెలుసు. "తెలీదు న్నా," అంది. "తెలీదు కాబట్టే పోదామంటాండా."

ఆ మాట పూర్తవుతుండగానే అవ్వ కళ్ళు పైకి తిరిగాయి. ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుని, చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. ఎవరో కేక పెట్టారు. ఎవరో తాళాల గుత్తి తెచ్చి అవ్వ గుప్పిట్లో పెట్టబోయారు. అమ్మ చెంచా తెచ్చి పళ్ళ మధ్య దూర్చబోతే అత్త ఆమె చేతిని తోసేసింది. "నోట్లో ఏమీ పెట్టొద్దు వదినా. పక్కకి తిప్పండి, పక్కకి" అని అరుస్తూ అవ్వను ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద తన ఓణీ మడిచి పెట్టింది. నేను మాత్రం తలుపు వెనక నిలబడి రెండు చెవులూ మూసుకున్నాను. అవ్వ చచ్చిపోతోందని అనుకున్నాను.

కొట్టుకోవడం ఆగాక ద్రాక్ష పెట్టెలు తోలే టెంపోలో పరుపు వేసి అవ్వను పడుకోబెట్టారు. ఉప్పు తగ్గిందన్న మాట విని అమ్మ లోటాలో ఉప్పు మజ్జిగ కలిపి తెచ్చింది. అత్త దాన్నీ వద్దంది. తెలివిలో లేని మనిషి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. చిక్కబళ్ళాపురం దాకా అత్త అవ్వ గడ్డం పట్టుకునే కూర్చుంది. నేను అమ్మ ఒడిలో ముఖం దాచుకుని, తల ఎత్తకుండా వెళ్ళాను.

ఆసుపత్రిలో డాక్టరు అంతా విని, రక్తం తీయించాడు. చాలాసేపటికి రిపోర్టు వచ్చింది. అత్త చెప్పిందే నిజం. సోడియం బాగా పడిపోయింది. తన మాట నిజమైనందుకు అత్త ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయింది. ఉప్పు ఎక్కువ ఉన్న సెలైన్ తెచ్చి కట్టారు. అది చుక్క చుక్కగా, చూసేవాళ్ళకు విసుగు పుట్టేంత నెమ్మదిగా దిగుతోంది. వార్డు సిస్టరు మాటిమాటికీ వచ్చి ఆ చుక్కలనే చూసి పోతోంది.

నాయన ఓపిక పట్టలేకపోయాడు. భయం ఆయనలో కోపంగా బయటికి వచ్చేది. "తగ్గింది ఉప్పే కదా, ఇంత పిసినారితనమేంది? గబగబా వదలమని చెప్పు" అని అత్త మీద విరుచుకుపడ్డాడు. అత్త మొదట పుస్తకంలోని ఇంగ్లీషు మాటలేవో చెప్పబోయింది. అవి ఆయనకు ఎక్కలేదు. చెప్పే అత్తకూ ఎక్కినట్టు లేదు. ఆగిపోయింది. తర్వాత ఉన్నట్టుండి, "అన్నా, పోయినేడు కోత కాలంలో వాన పడె గదా. పండ్లేమాయ?" అని అడిగింది.

"పగిలిపాయ. ఇప్పుడెందుకా మాట?"

"ఎందుకు పగిలె?"

చిరాకులో ఉన్నా తోట సంగతి కాబట్టి నాయన జవాబు చెప్పాడు. "పండు లోపల తీపి, పైన ఒట్టి నీళ్ళు. ఆ నీళ్ళను పీల్చుకోని ఉబ్బుతాది. తోలు తట్టుకోలేక పగుల్తాది."

అత్త నోరు తెరుచుకుని ఆయనవైపే చూసింది. ఆమె ముఖంలో ఏదో తేటపడడం ఆ భయంలో కూడా నా కంటపడింది. "అదే న్నా," అంది మెల్లగా. "అమ్మ రక్తం ఒట్టి నీళ్ళ మాదిరి పల్చబడిపాయ. మెదడు ఆ నీళ్ళను పీల్చుకోని ఉబ్బింది. తోలైతే పగిలి దారిస్తాది, పుర్రె ఇయ్యదు గదా. అందుకే ఫిట్స్ వచ్చె. ఇప్పుడు ఉప్పు గబగబా ఎక్కిస్తే ఆ నీళ్ళన్నీ ఒగేసారి బయటికి గుంజుకోని వస్తాయి. అది ఇంకా పెద్ద దెబ్బ. మళ్ళా బాగుపడకుండా పోవచ్చు." నాయన బెంచీ మీద కూర్చుని తలపాగా విప్పి ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని తెలుసుకున్నాను.

నేను మంచం దగ్గరికి వెళ్ళనన్నాను. ఎంత పిలిచినా వరండా స్తంభం వదల్లేదు. భయపడకు అని అమ్మ చాలాసార్లు చెప్పింది. అత్త ఆ మాట అనలేదు. నా చేయి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. అది దడదడా కొట్టుకుంటోంది. "చూసినావా, నాకూ భయమే" అంది. "నీకొక పని ఉండాది. అవ్వ పక్కన కూర్చో. కొంచేపటికొకసారి 'అవ్వా, నేనెవురు?' అని అడుగు. ఏం చెప్పినా ఏడవద్దు. చెప్పింది చెప్పినట్టు వచ్చి నాకు చెప్పు. రక్తం రిపోర్టు వచ్చేదానికి చానా సేపు పడతాది. అవ్వ మారతాండేది నీకే ముందు తెలుస్తాది."

వెళ్ళి కూర్చున్నాను. చాలాసేపటికి అడిగితే అవ్వ మూలిగింది, అంతే. వచ్చి అత్తకు అదే చెప్పాను. అత్త తల ఊపి, వార్డు సిస్టరుకు చెప్పింది. మళ్ళీ అడిగితే అవ్వ ఎప్పుడో చిన్నతనంలో పోయిన తన చెల్లెలి పేరు చెప్పింది. ఇంకోసారి నన్ను నర్సమ్మా అంది. ఒకసారి సూది పీకేయబోతే ఆ చేతిని గుడ్డతో మెత్తగా మంచానికి కట్టారు. ఆ కట్టు చూసి బయటికి పోయి ఏడ్చి, మళ్ళీ వచ్చి అడిగాను. అడిగాక జవాబు వచ్చేలోపు కాస్త సందు ఉండేది. ఆ సందులో మళ్ళీ ఎవరి పేరో చెబుతుందేమోనని ఒక భయం. అసలేమీ చెప్పదేమోనని ఇంకో భయం.

తెల్లవారింది. అత్త గోడకు తల ఆనించి కునుకు తీస్తోంది. అవ్వ కళ్ళు తెరిచి కిటికీవైపు చూస్తోంది. "అవ్వా, నేనెవురు?" అన్నాను. నావైపు తిరిగి చాలాసేపు చూసింది. ఎండిన పెదవులు తడుపుకుంది.

"ఇంగెన్నిసార్లు అడుగుతావు మే? నీ పేరు నీకే తెలీదా?" అంది.

సంతోషపడాలో వద్దో నాకు అర్థం కాలేదు. అత్త చెప్పిన పని పేరు చెప్పించడం. పేరు ఇంకా రాలేదు. "అయితే చెప్పు" అన్నాను మొండిగా. అవ్వ చెప్పింది. బడిలో ఉన్న పేరు కాదు, తాను తప్ప లోకంలో ఎవరూ పిలవని ముద్దు పేరు. అత్తను చేయి పట్టి గుంజాను. అత్త ఉలిక్కిపడి లేచి, నా ముఖం చూసి ఏదో జరిగిందని హడలిపోయింది. తర్వాత అవ్వ "నీకేమైందమ్మా, నిద్ర లేదా?" అని కన్నడంలోనూ తెలుగులోనూ కలిపి అడగ్గానే మంచం అంచు మీద తల పెట్టి బావురుమంది. ముందురోజంతా ఆమె కంటినుంచి ఒక్క చుక్క రాలేదు.

అవ్వ మెల్లగా తేరుకుంది. డాక్టరు మాత్ర మార్చాడు. ఉప్పు ఎంత, నీళ్ళు ఎంత అనేది సరిగ్గా చెప్పి పంపాడు. పెద్దమ్మ మొక్కుకుందని తెలిసి నాయన మురుగమల్లకు వెళ్ళి వచ్చాడు. అత్తే తోడు వెళ్ళింది. అత్త పరీక్ష పాసైంది. ఆ ఏడు ప్రశ్నపత్రంలో సోడియం గురించి ఒక్క ప్రశ్నా రాలేదని చెప్పి కడుపుబ్బ నవ్వింది. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నేను నర్సునై తెల్ల చీర కట్టుకుని ఉద్యోగానికి బయలుదేరిన రోజు నా తల మీద చేయి పెట్టి దీవించింది.

ఇప్పుడు నా తల నెరిసింది. చింతామణిలో నర్సింగ్ పిల్లలకు వార్డులో పాఠం చెబుతాను. లవణాల పాఠం వచ్చేసరికి వాళ్ళ ముఖాల్లో మా అత్త ముఖమే కనబడుతుంది. ఇప్పుడు రిపోర్టులు త్వరగా వస్తాయి, అంకెలు ఫోన్లోనే కనబడతాయి. అయినా ముందు మంచం దగ్గరికి పొమ్మంటాను. పక్కన కూర్చున్న మనిషిని చూపించి, ఈమె ఎవరని రోగిని అడగమంటాను. ఆ మనిషి కూతురో, మనవరాలో అయి ఉంటుంది. జవాబు వచ్చేలోపు ఆమె ముఖం చూడలేక పిల్లలు తలలు దించుకుంటారు. నాకూ ఆ కాసేపు గుండె దడదడలాడుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ భయం నన్ను వదల్లేదు. జవాబు పూర్తిగా వినేదాకా నేనూ ఆ మంచం వదలను.