నా పేరున నాటిన మిరప సాలు

మా చిన్నప్పుడు మిరపనారు నాటే రోజున మొదటి సాలు నాయన నా చేతనే నాటించేవాడు... తడి మట్టిలో వేలితో గుంత చేసి, రెండేసి మొక్కలు పెట్టి, మొదళ్ల దగ్గర మన్ను నొక్కేదాన్ని. సింహాద్రిపురం దగ్గర మాకు ఎకరా చేను ఉండేది. మా వైపు మొదటి సాలు ఇంటి ఆడపిల్లది, దాని కాయలు కూడా ఆ పిల్లవే. ఒక ఏడు వాటిని అమ్మిన డబ్బుతో నాకు పట్టీలు తెస్తామన్నారు.

అప్పుడు నేను ఐదో తరగతి. బడి వదలగానే సంచి గట్టు మీద పడేసి నా సాలులోకి పరుగెత్తేదాన్ని. గడ్డి పీకేదాన్ని, చేటతో పేడ ఎరువు మోసి మొదళ్లకు వేసేదాన్ని.

"ఇంగ చెట్లకు పేర్లు పెట్టేదొగటే తక్కువ నీకు!" అని అమ్మ నవ్వేది.

పెట్టాను... అమ్మకు చెప్పలేదంతే.

నాయన మాత్రం ఒక్కటే గట్టిగా చెప్పాడు. "ఆకు ముడుచుకున్న చెట్టు యాడన్నా కనపడితే నాకు చెప్పల్ల పాపా. అప్పుడే పీకి కాల్చేయల్ల. ఒగదాన్ని ఇడ్సిపెడితే చేనంతా పోతాది."

పూత రాకముందు ఒక సాయంత్రం చూశాను. నా సాలులో నాలుగో చెట్టు... కొస ఆకులు చిన్నవై, దొన్నెల్లాగా ముడుచుకుని ఉన్నాయి.

నాయన అవతలి గట్టు దగ్గరే ఉన్నాడు. పిలిస్తే వచ్చేవాడు. నేను పిలవలేదు. నా చెట్టును పీకేస్తాడని... ముడుచుకున్న ఆకులన్నీ గిల్లి, గౌను ఒడిలో వేసుకుని, కాలువ నీళ్లలో వదిలేశాను. రెండు రోజులకు కొత్త చిగురూ ముడుచుకుంది. మళ్లీ గిల్లాను. తర్వాత పక్క చెట్టు...

"ఏందే పాపా, పొద్దస్తమానం ఆడే కూసున్యావు?" అని కేకేశాడు నాయన.

"గడ్డి పీకుతాండా నాయనా!"

పదిహేను రోజులకు, చేలో నడిస్తే కాళ్ల దగ్గర తెల్లదోమ పిండిలాగా లేచేది. దాంతో ఆకులు ముడిచే బొబ్బర తెగులు ఎకరమంతా పాకింది. నాయన తెలిసిన మందులన్నీ కొట్టాడు. ఎవరో చెబితే పులిసిన మజ్జిగ కూడా చల్లాడు.

పక్క చేని రైతు వచ్చి చూసి, "ఇంగ ఇది లేసేది కాదన్నా... దున్నేయ్" అన్నాడు.

దున్నేశారు. గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత అమ్మా నాయనా కూలికి పోవడం మొదలుపెట్టారు. పసివాడైన తమ్ముడిని చూసుకోవడానికి నేను ఇంట్లో ఉండిపోయాను. నా చదువు ఐదుతోనే ఆగింది.

పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చి మూడేళ్లు. మొన్న నాయన మా ఇంటికి వచ్చాడు. తనూ మా ఆయనా అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను టీ తీసుకుని తలుపు దాకా వచ్చాను.

"ఆ తెగులు నేను ముందే కనిపెట్టింటే చేను దక్కేది అప్పా. నా సోమరితనానికి బిడ్డ సదువు పాయ..." అంటున్నాడు నాయన.

"ఊరుకో మామా, తెగులొస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు మా ఆయన.

నాయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క అడుగు బయటికి వేసి, 'నువ్వు కాదు నాయనా, నేను' అంటే చాలు. చేతిలో టీ చల్లారింది. లోపలికి వెళ్లి వేడి చేసి తెచ్చిచ్చాను.

ఇప్పుడు మా పుట్టింటి ఊళ్లో ఎటు చూసినా చీనీ, అంటే బత్తాయి తోటలే. ఆడపిల్లల పేరున సాళ్లు నాటేవాళ్లు లేరు. ఎండుమిరపకాయలు నాయన కూడా వేంపల్లె అంగట్లోనే కొంటున్నాడు. నా తప్పును మాత్రం తనదనుకుని ఇంకా మోస్తూనే ఉన్నాడు...

మీలో ఎవరైనా చిన్నప్పుడు దాచిన మాటను పెద్దయ్యాక నాయనకు చెప్పగలిగారా? ఏమని మొదలుపెట్టారో కాస్త రాయండి... నాకు ఆ మొదటి మాటే దొరకడం లేదు.