మా అత్తగారి ఫెర్న్ పాఠం

మా అత్తగారికి ఒకటే జబ్బు. నలుగురు చేరి కబుర్లాడుకునే చోట, ఎవరూ అడక్కుండానే, ఫెర్న్ మొక్కలు పిల్లల్నెలా కంటాయో చెప్పడం మొదలుపెడతారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు గానీ ఆ గొంతు మాత్రం రిటైరవలేదు. వెనక బెంచీ దాకా వినపడాల్సిందే.

నా పెళ్లైన కొత్తలో పక్కింటావిడ కాఫీకొచ్చి, నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు.

"ఫెర్న్‌కి పువ్వుండదు, కాయుండదు, విత్తనముండదు. మరి సంసారమెలా?"

పక్కింటావిడ కప్పు గాల్లో ఆగిపోయింది.

"ఆకు కింద గోధుమరంగు చుక్కలుంటాయి. వాటిలోంచి పొడి రాలుతుంది. అది తడి నేల మీద పడి గోరంత పచ్చరేకవుతుంది. ఆడా మగా రెండూ ఆ రేకు కిందే. కాస్త నీటితడి దొరికితే చాలు, మగకణాలు ఈదుకుంటూ..."

"వస్తానండీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అని ఆవిడ చెప్పులు సగం వేసుకునే పరిగెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత మావారి పిన్ని బలైంది. పళ్ల డాక్టరైతే, నా నోట్లో అద్దం పెట్టి "పిల్లలెంతమంది?" అన్న పాపానికి నాతో వచ్చిన అత్తగారి నోట ఆ ఈత మొత్తం విని, హడలిపోయి, బాగున్న పన్నుని గోకేశారు.

నాలుగేళ్లు భరించాను. మొన్న ఆడపడుచు ఇంట్లో భోజనాలకి అత్తగారికి చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లాను. హాయిగా ఉంటుందనుకున్నాను. పళ్లెం పట్టుకున్నానో లేదో మొదలైంది.

"ఇంకా ఏం లేదా?"

"లోపం ఎవరిలోనట?"

"నాకు తెలిసిన డాక్టరుంది, చూపించుకోరాదూ?"

తొమ్మిదిమంది అడిగారు. పళ్లెం పక్కన పెట్టేశాను. నాలుగేళ్లలో ఈ ప్రశ్నకి నేను ఒక్కసారైనా జవాబు చెప్పుకోవాల్సి రాలేదని అప్పుడు తట్టింది. తట్టగానే చెయ్యి కడుక్కుని బయల్దేరాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో బీన్స్ తుంచుతున్నారు. పక్కన కూలబడ్డాను.

"అత్తయ్యా, మీకు మనవలు కావాలని ఉండదా?"

"ఎందుకుండదు? నాకుండటం వేరు, నిన్నడగటం వేరు."

ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఇన్నాళ్లూ సిగ్గుపడ్డందుకు అంతకంటే సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని, "అయినా ఫెర్నే ఎందుకు? కాలేజీలో మీరు చెప్పింది పుట్టగొడుగుల పాఠం కదా?" అన్నాను.

"అదీ చెప్పి చూశానమ్మా," అన్నారు, తుంచడం ఆపకుండా. "కూరెలా వండాలని అడుగుతారు. ఒక్కరూ లేచి వెళ్లరు."