పునాదిలోని రాళ్లు

నేలను తన చేతులతో రూపించిన ప్రభువుకే సమస్త మహిమ, స్తోత్రం.

డెబ్బైల్లో ఒక వానాకాలం, నార్సింగి వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ నా ఒళ్లోని బైబిలు చూసి, "నానక్‌రామ్‌గూడ గుట్ట కాడ మందిరం కట్టేది మీరేనా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను, కొంచెం గర్వంగానే.

ఆమె కొంగుముడి విప్పింది. అందులో ఎర్రటి మొరం మట్టి, దానిలో కూరుకుపోయిన నాలుగు వరినారు మొక్కలు ఉన్నాయి.

"గుట్ట చదును చేసిండ్రు, చేసుకోండ్రి. వాలుకు అడ్డంగ మా మామ పేర్చిన రాళ్లకట్ట ఎందుకు పీకిండ్రు? వానల్లోపల మళ్ల పేరుస్తనని మీ పెద్దాయన దేవుని మీద ఒట్టేసిండు. మొన్నటి వానకు గుట్ట మన్నంత నా నారుమడిల వడ్డది. ఇగ ఈ ఏడు ఏం నాటెయ్యాలె? మీ దేవుడు గిట్లనే చెయ్యమన్నడా?"

ఆ రాళ్లు ఊరివాళ్లు ఇష్టంగా ఇచ్చిన కానుక అని మా సంఘపెద్ద చెప్పాడు. వాటిని పునాదిలోకి దించిన రోజు కృతజ్ఞతా ప్రార్థన చేసింది నేనే.

దిగేముందు ఆమె ఆ మొరం నా అరచేతిలో పోసి, మొక్కలను మాత్రం మళ్లీ కొంగున కట్టుకుంది.

సంఘపెద్దను నిలదీశాను. "మందిరం లేచింది కదా తమ్ముడూ, స్తుతించు" అన్నాడు. ఆ మందిరంలో నేను మళ్లీ ప్రార్థన నడిపించలేదు.

చదివే సహోదరులారా, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఎవరివో అడగకుండానే ఆ రాళ్లకు కృతజ్ఞతలు చెప్పిన నా నోటిని క్షమించు. ఆ తల్లి మడిని జ్ఞాపకం చేసుకో. ఆమేన్.