చెరిగిపోకముందే

బస్సుల షెడ్డులో అద్దాలు కడిగే ఆవిడకి పగటి కలలెక్కువ. అద్దం మీద నీళ్ళు జారుతుంటే అవతలి వీధంతా కరిగి కదులుతున్నట్టుంటుంది. చెయ్యి తుడుస్తూనే ఉంటుంది, మనసు ఎక్కడో తేలుతుంటుంది. "మళ్ళీ ఏ లోకానికెళ్ళావమ్మా?" అని డ్రైవర్లు ఆటపట్టిస్తారు.

అలాంటి మనిషి తమ్ముడి కోసం కోర్టు గడప తొక్కింది. గోడలకి రంగులేసే ఆ తమ్ముణ్ణి ఎవరో దొంగ అనుకుని పోలీసులు పట్టుకెళ్ళారు. సాయంత్రానికి ఆసుపత్రిలో చూపించారు. "స్నానాల గదిలో జారిపడ్డాడు" అన్నారు. తలకి దెబ్బ తగిలి అతనికి ఆ రోజేదీ గుర్తులేదు.

"పోలీసుల మీద దావా వేద్దాం లాయరమ్మా."

"వేద్దాం అక్కా. కానీ స్టేషను కెమెరాలో పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది. మనం అన్నీ సిద్ధం చేసుకునేలోపు ఆ రోజు కాస్తా చెరిగిపోతుంది. ముందు దాన్ని కాపాడమని కోర్టుని అడుగుదాం."

ఆ మాట ఆవిణ్ణి వదల్లేదు. తడి అద్దంలో తమ్ముడు లీలగా కనిపించేవాడు, మరో బకెట్టు నీళ్ళకి కొట్టుకుపోయేవాడు.

"దావాయే లేదు, అప్పుడే ఇదేమిటి?" అన్నాడు కోర్టులో పోలీసుల వకీలు.

"దావా వేసేదాకా ఆ వీడియో ఉంటుందని మీరు హామీ ఇస్తారా?" అని జడ్జి అడిగాడు. వీడియో చెరపకూడదని, కోర్టు ఉద్యోగి వెళ్ళి నకలు తీసి సీలు వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. ఆవిడ కూడా పక్కన ఉండొచ్చన్నారు.

స్టేషన్లో ఇరుకు గది. తెర మీద బూడిదరంగు నడవా, నీటి అడుగున ఉన్నట్టు, చప్పుడు లేకుండా. అందులోకి తమ్ముడు నడిచొచ్చాడు. ఆవిడ చెయ్యి తనకి తెలీకుండానే తెర దాకా వెళ్ళింది. అతను కుడివైపు గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకున్నప్పుడు అతన్ని ఇద్దరు మోసుకొచ్చారు.

"స్నానాల గది ఎటు బాబూ?" అని మెల్లగా అడిగింది.

కానిస్టేబులు తల దించుకుని ఎడమవైపు చూపించాడు. కోర్టు ఉద్యోగి అదీ రాసుకున్నాడు.

ఇంట్లో తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. "ఏం చూశావక్కా?"

"నీ కాళ్ళ మీద నువ్వే నడిచెళ్ళావురా. దారిలో ఏదో చెప్పి ఒకాయన్ని నవ్వించావు."

"ఏం చెప్పానో!"

"మాట వినపడదు."

"గట్టిగా నవ్వాడా?" అన్నాడు.

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు."

తమ్ముడి మొహం వెలిగింది. ఆ వారమే దావా వేశారు.