ఎనిమిది అమావాస్యల ఫిల్ము

ఈ మాట చాలా ఏళ్లుగా నా కడుపులో బండలా ఉంది. పిల్లలకు ఎన్నో కథలు చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ నాలుక ఇంకో కథ మీదికి పోయేది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది గార్లదిన్నె దగ్గర పల్లె. మా మరిది పట్టాళంలో డ్రైవరుగా చేసి తిరిగొచ్చినప్పుడు ఒక డబ్బా కెమెరా తెచ్చుకున్నాడు. అమావాస్య నాడు మా వైపు కాడి కట్టరు. ఎద్దులూ మనుషులూ ఇంటిపట్టునే ఉంటారు. ఆ రోజు చూసుకొని నెలకు ఒక్క ఫోటో తీసేవాడు. పెళ్లిళ్లవీ పండగలవీ కాదు. నేను చెనిక్కాయలు వలుస్తుండగా, మా ఆయన ఎద్దు కొమ్ములకు నూనె రాస్తుండగా తీసేవాడు. ముఖానికి పౌడరన్నా లేని ఫోటోలేందప్పా అని ఊరు నవ్వేది.

ఒక ఫిల్ములో ఎనిమిదే పడతాయి. ఎనిమిది నెలలకు అది నిండాక అనంతపురం పోయి కడిగించుకొని వచ్చి, అట్ట పుస్తకంలో అంటించేవాడు. పేజీ మాత్రం ఏ నెలది ఆ నెలే సిద్ధమయ్యేది. ఫోటోకు చోటు వదిలి, కింద నేను చెప్పింది రాసేవాడు. ఆ పొద్దు కూర ఏమిటి, ఏ ఎద్దు మేత ముట్టలేదు, ఎవరు వచ్చిపోయారు, అన్నీ నా నోటి నుంచి వచ్చినవే. మూడో తరగతి దాటని నా మాటలు పుస్తకానికి ఎక్కాయి. చుట్టుపక్కల అలాంటి పుస్తకం ఉన్న ఇల్లు ఇంకొకటి లేదు. ఆ గర్వం ఇప్పటికీ నాకు తగ్గలేదు.

అత్తమ్మ మాత్రం ఏ ఫోటోలోనూ ముఖం చూపలేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. పొయ్యి వైపు తిరిగిన వీపు, తలుపు సందులో కొంగు, అంతే.

తర్వాత వానలు లేవు. బావి అడుగు కనిపించింది. ఎద్దులను అమ్మేశాం. చావడి దగ్గర గంజి కేంద్రం పెట్టారు. దారిన పోయేవాళ్లను పిలిచి సంగటి పెట్టిన ఇల్లు మాది. ఒక అమావాస్య నాడు అత్తమ్మ సత్తు గిన్నె పట్టుకొని ఆ వరుసలో నిలబడింది. వెనక నేను, కొంగు ముఖం మీదికి లాక్కొని. మరిది కెమెరా తెచ్చాడు గానీ ఎత్తలేకపోయాడు. అత్తమ్మే అతని వైపు తిరిగింది.

"తియ్ నాయనా, ఈ పొద్దు తియ్. ఆకలికి నిలబడినా గానీ దొంగతనానికి నిలబడల్యా."

తలెత్తి నిలబడింది. తీశాడు. ఆ ఫిల్ములో అది ఎనిమిదోది.

నాకు ఒళ్లు మండింది. గంజి గిన్నెతో మా అత్తమ్మ పుస్తకానికి ఎక్కితే, రేపు నా పిల్లలూ వాళ్ల పిల్లలూ చూస్తే? నా బాధ ఆమె పరువు కోసమా, నా పరువు కోసమా? అప్పుడు ఆమె కోసమనే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మరిది ఇంట్లో లేనప్పుడు కెమెరా డబ్బా మూత తెరిచాను. తీసిన బొమ్మలు అందులో అప్పటికే కనిపిస్తుంటాయని, చివరిదొక్కటి తుంచేస్తే చాలని నా అమాయకత్వం. ఫిల్ము చుట్టను లాగాను. అత్తమ్మ లేదు. ఇంకా లాగాను. ఎద్దు లేదు, బావి లేదు, మనుషులెవరూ లేరు. కొస దాకా ఉత్త మీగడ రంగు పట్టీ. నేను వెతికే కొద్దీ ఒక్కొక్క నెలా చచ్చిపోతోందని నాకేం తెలుసు? భయమేసి, రిబ్బను చుట్టినట్టు నున్నగా చుట్టి మూత వేశాను.

అనంతపురం నుంచి వచ్చి మరిది అరుగు మీద కూలబడ్డాడు.

"అంతా నల్లగైపోయినాది వదినా. వెలుతురు తగిలిందంట. తిప్పేటప్పుడు నేనే యాడో తప్పు చేసినా."

"పోనీలేప్పా, మళ్లీ తీద్దువులే."

"అమ్మ మళ్లీ నిలబడతాదా?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చాట అందుకొని లోపలికి పోయాను.

అత్తమ్మ మళ్లీ నిలబడలేదు. రెండేళ్లకు పోయింది. గోడకు పెట్టడానికి ముఖం లేదు. ఎద్దులను గూడా తీసినోడివి, కన్నతల్లిని తియ్యలేదా అని చుట్టాలు మరిదిని దెప్పారు. అతను తల వంచుకున్నాడు. చాట చాటున నేనూ వంచుకున్నాను. ఆ తర్వాత అతను కెమెరా ముట్టలేదు. ఇప్పుడు అతనూ లేడు.

పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ ఎనిమిది ఖాళీ పేజీలు తెరిచి పిల్లలకు చెబుతుంటాను. గిన్నెకున్న సొట్ట, నుదుటి మీద ఎండ, ఆమె గడ్డం ఎత్తిన తీరు. ఆ వరుసలో మా అత్తమ్మంత నిటారుగా ఎవరూ నిలబడలేదని గర్వంగానే చెబుతాను. ఆ గర్వం ఆ రోజే ఎందుకు రాలేదు నాకు?

చివరి పేజీ అడుగున మరిది రాసిపెట్టాడు: "నా చేతి తప్పుతో ఫోటోలు పోయినాయి." ఇవాళ దాని కింద నేనే కలం పట్టాను. అక్షరాలు వంకర పోయాయి. "తప్పు నీది కాదప్పా. ఫిల్ము లాగింది నేను, మీ వదినను."

సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు. ఆరిన తర్వాత కూడా తెరిచే ఉంచాను. ఇంట్లో ఎవరు చూసినా చూడనీ.