మా కొట్టు వెబ్‌సైటు ఆరేళ్లు ఎందుకాగిందంటే

ఈ వెబ్‌సైటులో ‘మా గురించి’ అనే పేజీని మా కోడలు రెండేళ్లుగా ఖాళీగా ఉంచింది. “మీరు రాసేదాకా అలాగే ఉంటుంది మావయ్యా” అంది. ఇదిగో, రాస్తున్నాను.

ముందు నా సంగతి. కుట్టుమిషన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టి నలభై ఏడేళ్లు. నా చేతికింద నేర్చుకున్నవాళ్లు తొమ్మిదిమంది, అందులో ఆరుగురికి సొంత కొట్లున్నాయి. చక్రం నాలుగుసార్లు తిప్పితే చాలు, ఆ చప్పుడు విని రోగం చెప్పేస్తాను. ముగ్గురు పనివాళ్లు ఇనుపసామానుకు వేసెయ్యమన్న ఎంబ్రాయిడరీ మిషన్ని పదకొండు రోజులు కూర్చుని లేపాను. ఇవి గొప్పలనుకుంటే అనుకోండి, అబద్ధాలు మాత్రం కావు.

ఇక కోడలి సంగతి. తొమ్మిదేళ్ల కిందట మా ఇంటికొచ్చింది. అంతకుముందు ఒక బట్టల దుకాణంలో బిల్లులు రాసేది. మా కొట్టులో గుమ్మం పక్క బల్ల దగ్గర, జడలో పెన్సిల్ గుచ్చుకుని కూర్చుంటుంది. మొదటి ఏడాది ఫోన్లెత్తింది. రెండో ఏడాదికల్లా ఫోనులోనే “కొంచెం తొక్కి వినిపించండి” అనడం మొదలుపెట్టింది. నేను నేర్పలేదు. విని పట్టుకుంది.

అప్పటికి మాకో పాత వెబ్‌సైటుండేది. ఫొటో స్టూడియో మిత్రుడు చేసిపెట్టాడు. అందులో నా మీసం నల్లగా ఉంటుంది. ఆ తర్వాత కొట్టు రెండు వీధులు అవతలికి మారింది. వెబ్‌సైటు మాత్రం పాత చిరునామాలోనే ఉండిపోయింది. జనం మిషన్లు మోసుకుని అక్కడికెళ్లేవారు. ఆ గదిలోకి వచ్చిన చెప్పుల కొట్టాయన ఒకరోజు వచ్చి, “మీ వాళ్లకి దారి చెప్పడానికే సరిపోతోంది పెద్దాయనా. నాకు జీతమన్నా ఇవ్వండి, నా బోర్డు మీద మీ కొత్త చిరునామా అన్నా రాసుకోనివ్వండి” అన్నాడు.

“మార్చేద్దాం మావయ్యా” అని కోడలు అడిగినప్పుడల్లా నా దగ్గర ఒక జవాబుండేది. గోడలకి రంగులెయ్యనీ, అప్పుడు ఫొటోలు తీద్దాం. రంగులయ్యాయి. బడి యూనిఫాంలు కుట్టే రోజులు, ఊపిరాడటం లేదు. అవీ అయ్యాయి. బోర్డు కొత్తది రానీ. అలా ఆరేళ్లు గడిచాయి.

“మీ మావయ్య మిషన్నయితే గంటలో విప్పుతాడు, నోరు విప్పాలంటే ఆరేళ్లు పడుతుంది” అని మా ఆవిడ కోడలితో అంది, నాకు వినబడేలాగే.

ఈలోగా ఇళ్లలో కుట్టుకునేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు కుట్టు నేర్పే శిక్షణ కేంద్రం వాళ్లు తమ నలభై మిషన్లనీ ఏడాది పొడుగునా చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసింది. ఆ పని దొరికితే కొట్టు నిలుస్తుంది. లేకపోతే షట్టరు దించేసి ఇంటి వరండాలో కూర్చోవడమే. కోడలు ఫోన్ చేస్తే ఆ కేంద్రం పెద్దమ్మగారు, “మీ కోసం రెండుసార్లొచ్చాం. అక్కడ చెప్పులు అమ్ముతున్నారు” అన్నారట. పది రోజుల్లో ఎవరో ఒకరిని ఖాయం చేస్తామనీ, ఈలోగా మా వివరాలు చూపించమనీ అన్నారు.

ఫోన్ పెట్టేసి కోడలు నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“రంగులూ బోర్డూ కాదు గానీ, అసలు సంగతేంటి మావయ్యా?”

చెప్పక తప్పలేదు. “మా గురించి అని ఉంటుందటగా. అందులో ఏం రాయనమ్మా? మా ఊరి బళ్లో ఐదో తరగతి అని రాయనా? నాకు పట్టాల్లేవు. రాయడమూ రాదు.”

కోడలు నవ్వలేదు. ఓదార్చనూ లేదు. లేచి వెళ్లి, మేకుకు వేలాడే తీగని దించింది.

ఆ తీగ గురించి చెప్పాలి. బాగుచేసిన ప్రతి మిషనుకూ ఒక అట్టముక్క కడతాను. ఏం పాడయింది, ఎందుకు పాడయింది, ఇంట్లో ఏం చేస్తే మళ్లీ పాడవదు అని దాని మీద రాస్తాను. మిషను తీసుకెళ్లేవాళ్లకి చదివి వినిపించి, ముక్కని తీగకు గుచ్చేస్తాను. మొదటిరోజు నుంచీ అదే పద్ధతి. ఇలాంటి తీగలు మా కొట్టులో పద్నాలుగున్నాయి.

“ఇదంతా రాసిందెవరు మరి?” అంది.

నాలుగు రోజులు కూర్చుని అన్నీ చదివింది. అరవై ఏరింది. వాటినే నా మాటల్లో, నా చేతిరాతతో సహా వెబ్‌సైటులో పెట్టింది. ‘కింద దారం కుచ్చులు కడుతుంటే కిందవైపు వెతక్కండి, పైదారం బిగువు చూడండి.’ ‘కుట్టు దాటేస్తోందా? సూది తిప్పి పెట్టారేమో.’ ‘ముందు దుమ్ము తియ్యండి. దానికి నా దగ్గరికి రానక్కర్లేదు.’

అది చూసి నేను అడ్డుపడ్డాను. “అన్నీ చెప్పేస్తే ఇంక కొట్టుకెవరొస్తారే?”

“నలభై ఏళ్లకు పైగా చదివి వినిపిస్తూనే ఉన్నారుగా. ఎవరు మానేశారు?”

తొమ్మిదో రోజున పెద్దమ్మగారు ఆటో దిగారు, ఈసారి సరైన గుమ్మం ముందే. “మీ అట్టముక్కలు చూసి మూలన పడేసిన రెండు మిషన్లు మేమే లేపుకున్నాం. మిగతావాటికి మీరు రండి” అన్నారు. ఆవిడ నా చదువు అడగలేదు. ఇప్పటికి రెండేళ్లుగా ఆ నలభై మిషన్లూ నా చేతిమీదే తిరుగుతున్నాయి. కొట్టు ఇంకా తెరిచే ఉంది.

మీలో నాలాంటి చిన్న కొట్లవాళ్లుంటే ఒక మాట. రంగులకోసం ఆగకండి. మీక్కూడా ఎక్కడో ఒక తీగ ఉండే ఉంటుంది. దాన్ని దించే మనిషి దొరకడమే అదృష్టం. నాకు దొరికింది. పెద్దవాణ్ణి, చేతులెత్తి దండం పెడితే బాగోదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇది తన గురించే అయిందని కోడలు గొడవ చేస్తుంది. అక్షరదోషాలు దిద్దుకోవచ్చు గానీ మాట మార్చడానికి వీల్లేదని చెప్పాను. కింద చిరునామా సరిగ్గా ఉందో లేదో నేనే రెండుసార్లు చూశాను. షట్టరు ఆకుపచ్చది. కోడలు గుమ్మం పక్కనే కూర్చుంటుంది, జడలో పెన్సిలుంటుంది.