తల్లి రొయ్యల గదిలో ఫ్లాష్

ఈ బరువు దించుకోవడానికి మనిషి దొరక్క మీకు చెబుతున్నాను. ఏళ్ళు గడిచాయి. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే ఆ ఫోటో ఎందుకు తీశావని అడుగుతుంది. దానికి నా దగ్గర సమాధానం ఉంది, నోరు రాదు.

అప్పట్లో ఉప్పాడ దగ్గర ఒక రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌ని. గుడ్లు పెట్టే తల్లి రొయ్యల గదిని పట్టపగలు కూడా ఒక మసక ఎర్ర బల్బు తప్ప చీకటిగానే ఉంచేవాళ్ళం. ఒక్కసారిగా వెలుతురు పడితే అవి బెదిరి ఎగురుతాయి, గోడలకు కొట్టుకుని చచ్చిపోతాయి. అందుకే పనివాళ్ళు ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చి రావాలి.

ఆ గదిలో మేత వేసేది నూకరత్నం. సముద్రం మీద వేటకెళ్ళిన భర్త తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు. ట్యాంకు మీదికి వంగి, రొయ్యలతో మెల్లిగా కబుర్లు చెబుతూ మేత వేసేది. నాకామె అంటే ఇష్టం. ఇదిగో, అనేశాను. ఆ కబుర్లు చెప్పే మొహాన్ని ఆమెకు తెలియకుండా ఒక ఫోటోలో ఉంచుకోవాలనిపించింది. అడిగి తీసుకుంటే ఏం పోయేది? అడిగే ధైర్యం ఏనాడు ఏడిసింది నాకు?

ల్యాబులోని డిజిటల్ కెమెరా జేబులో వేసుకెళ్ళి తలుపు పక్కన నక్కాను. ఫ్లాష్ తీసేశాను, శబ్దం ఆపేశాను. ఇంతలో ఆమె ఇటు తిరిగినట్టనిపించి కెమెరా ఆఫ్ చేసి, కాసేపాగి మళ్ళీ ఆన్ చేశాను. అలా చేస్తే దాని ఫ్లాష్ తనంతట తానే ఆటోలోకి వచ్చేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చూసుకోకుండా నొక్కాను, దరిద్రుణ్ణి. గదంతా తెల్లగా వెలిగింది. ట్యాంకుల్లో టపటపమని చప్పుడు. "అమ్మో, నా తల్లులో!" అని ఆమె అరిచింది. నేను పారిపోయాను.

యజమాని వచ్చేసరికి చాలా రొయ్యలు నేల మీద పడి ఉన్నాయి. లైటు ఎవరు వేశారని కేకలు. ఏమీ ఎరగనట్టు నేనూ వచ్చి నిలబడ్డాను. ఖర్మ కాలి, ఆ రోజు కూతురికి జ్వరమని ఆమె రొంటిన చిన్న బటన్ ఫోను దాచుకుంది. అది బయటపడింది. దానికి టార్చి ఉంది. ఇంకేం కావాలి?

ఆమె నా వైపు తిరిగింది. "మీరైనా సెప్పండి సార్. నేను ఫోను బయటికి తియ్యలేదండి. తలుపు కాడ నుంచి మెరిసిందండి. నా బిడ్డ మీద ఒట్టండి."

"నేనక్కడ లేనండి," అన్నాను యజమానితో. "ఏం చూడలేదు."

ఆమెను అప్పటికప్పుడే పంపేశారు. ఆ తీరంలో మరే హేచరీ ఆమెకు పని ఇవ్వలేదు. కూతురి చదువు మాన్పించి రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపిందని తర్వాత విన్నాను.

నోరెందుకు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. ఆడమనిషిని దొంగచాటుగా ఫోటో తీశానని నలుగురికీ తెలుస్తుందని. నా పరువు కోసం ఆమె నోటి కాడ కూడు లాగేశాను. ఫోటో ఆ సాయంత్రమే తుడిచేశాను. ఆమెను నిలబెట్టే సాక్ష్యం అదొక్కటేనని తుడిచేటప్పుడే నాకు తెలుసు.

మొన్న ఉప్పాడ రోడ్డు పక్కన ఎండుచేపలు అమ్ముతూ కనిపించింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఆయాల మీరు లోపలుండుంటే నా బతుకు ఇలాగయ్యేది కాదు సార్," అంది.

తలూపి వచ్చేశాను. ఈ చేతగాని వెధవ అక్కడా తలే ఊపాడు. రాస్తుంటే ఇన్నేళ్ళకు ఊపిరి కాస్త ఆడుతోంది. నేను లోపలే ఉన్నాను, నూకరత్నం. ఆ ఫ్లాష్ నాదే.